థ్యాక్రే అనే ఇంగ్లీషు ఇంటిపేరు: మన ఠాక్రేలకీ దీనికీ చుట్టరికం ఉందా?

లీడ్స్_లక్ష్మి
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ లీడ్స్‌లో నర్సుని, వచ్చి మూడేళ్ళయింది. అంతకుముందు ముంబైలో దాదర్‌లో ఉండేవాళ్ళం. మొన్న శనివారం ఒకటే వాన. పిల్లాణ్ణి ఇంట్లో పట్టలేక బెకెట్ స్ట్రీట్‌లో ఉన్న థ్యాక్రే మ్యూజియం ఆఫ్ మెడిసిన్‌కి తీసుకెళ్ళాను. లోపల విక్టోరియా రాణి కాలంనాటి లీడ్స్ మురికి సందు ఒకటి కట్టిపెట్టారు, కంపుతో సహా. మావాడు అందులో ముక్కు మూసుకునే తిరిగాడు. బయటికొచ్చాక బోర్డు వైపు వేలు చూపించి "అమ్మా, ఇది బాల్ ఠాక్రే వాళ్ళదా?" అన్నాడు.

నవ్వేశాను గానీ నాకూ జవాబు తెలీదు. మా వార్డులో పనిచేసే ఒక పెద్దాయన ఇంటిపేరు కూడా ఇదే. మ్యూజియం వాళ్ళు మీ చుట్టాలా అని అడిగితే, "ఇక్కడ రాయి విసిరితే ఒక థ్యాక్రేకి తగుల్తుంది, లండన్‌లో విసిరితే ఎవరికీ తగలదు" అన్నాడు. అంత అరుదైన పేరు ఈ ఒక్కచోటే ఇంతమందికి ఎలా ఉంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

చింతచిగురు
ఉంది వదినా చుట్టరికం. దాదర్ నుంచి వడాపావ్ బండి తోసుకుంటూ వెళ్ళి లీడ్స్‌లో దిగారు. బండి ఇంకా మ్యూజియంలోనే ఉంటుంది, సరిగ్గా చూసుండరు.

బల్లకట్టు
నవ్వులాట కాదు. ఠక్కుర అనేది సంస్కృతంలో ఉన్న మాట, అందులోంచే ఠాకూర్, ఠాక్రే వచ్చాయి. కంపెనీ కాలంలో మన వాళ్ళు ఎంతమంది ఇంగ్లండ్ వెళ్ళలేదు? ఒకడు అక్కడే స్థిరపడి ఉంటాడు. పైగా విలియం మేక్‌పీస్ థ్యాకరే అనే ఆ పెద్ద ఇంగ్లీషు నవలాకారుడు పుట్టింది కలకత్తాలో. ఇంకేం రుజువు కావాలి?

పాతకాగితం
బల్లకట్టు గారూ, రుజువు ఇంకా చాలా కావాలి. ఆ నవలాకారుడు 1811 జులై 18న కలకత్తాలో పుట్టిన మాట నిజమే. వాళ్ళ నాన్న రిచ్‌మండ్ థ్యాకరే కంపెనీ ఉద్యోగి, 1815లో అక్కడే పోయాడు. మరుసటి ఏడు పిల్లాణ్ణి ఓడెక్కించి ఇంగ్లండ్ పంపేశారు. అయితే ఆ ఇంటిపేరు అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచే యార్క్‌షైర్‌లో ఉంది. కంపెనీ పుట్టకముందే, ఒక్క ఇంగ్లీషువాడూ మన గడ్డ మీద కాలుపెట్టకముందే.

లక్ష్మి గారూ, మీకు రాళ్ళు విసిరే దూరంలోనే దీని పుట్టుక ఉంది. లీడ్స్ నుంచి ఓట్లీ మీదుగా ఉత్తరానికి వెళ్తే వాష్‌బర్న్ అనే చిన్న ఏటి లోయ వస్తుంది. అందులో ఫ్యూస్టన్ పారిష్‌లో, టింబుల్ దగ్గర, థ్యాక్రే అనే చిన్న చోటు ఒకటి ఉండేది. దాన్నుంచే ఈ ఇంటిపేరు.

మాటని విడదీస్తే రెండు ముక్కలు. మొదటిది "థక్". నార్వే, డెన్మార్క్ వైపు నుంచి వచ్చి ఉత్తర ఇంగ్లండ్‌లో కాపురం పెట్టిన వైకింగుల భాషలో, అంటే పాత నార్స్‌లో, ఇది ఇంటిని కప్పే గడ్డి, రెల్లు. దక్షిణాన ఇంగ్లీషువాళ్ళు "థ్యాచ్" అనే దాన్ని ఉత్తరాన పల్లెటూళ్ళలో "థ్యాక్" అనేవాళ్ళు. రెండోది "వ్రా". మూల, ఒంపు, లోయలో పక్కకి తిరిగిన చోటు. రెండూ కలిపితే రెల్లు దొరికే మూల. మన భాషలో చెప్పాలంటే రెల్లుమూల. ఎంత తెలుగు ఊరి పేరులా ఉందో చూడండి!

ఈ "వ్రా" ఉత్తర ఇంగ్లండ్‌లో చాలాచోట్ల కనిపిస్తుంది. రే, డాక్రే లాంటి ఊళ్ళ పేర్లూ ఇంటిపేర్లూ అందులోంచి వచ్చినవే. వైకింగులు కాపురమున్న చోటల్లా ఈ ముక్క వదిలి వెళ్ళారు.

బల్లకట్టు గారి మనసు నొచ్చుకోకుండా ఇంకోటి చెప్తా. ఈ "థక్"కీ సంస్కృతానికీ సంబంధం లేకపోలేదు. ఠక్కురతో మాత్రం కాదు. సంస్కృతంలో "స్థగ్" ధాతువుకి కప్పడం, మరుగుపరచడం అని అర్థం. భాషా శాస్త్రవేత్తలు ఈ రెంటినీ ఒకే పాత మూలానికి చేరుస్తారు. అంటే వేల ఏళ్ళ వెనక దాయాదులు, అంతేగాని ముంబై దాయాదులు కారు.

బల్లకట్టు
దాయాదులే కదా! నేను చెప్పిందీ అదే.

చింతచిగురు
బల్లకట్టన్నా, నువ్వు మునిగే పడవలో కూడా జెండా దించవు.

లీడ్స్_లక్ష్మి
పాతకాగితం గారూ, చాలా థాంక్స్. ఊరి పేరు ఇంటిపేరయ్యిందంటే మన కందుకూరి, వేటూరి లాగేనా? అదీకాక "ఉండేది" అన్నారు. ఇప్పుడు లేదా?

పాతకాగితం
అచ్చం అలాగే. మనం కందుకూరుని కందుకూరి చేసి ఇకారం తగిలిస్తాం. వాళ్ళు ముందు "డి" పెట్టేవాళ్ళు, ఫలానా ఊరి మనిషి అని. తర్వాత అది రాలిపోయి ఊరి పేరొక్కటే మిగిలింది. తమాషా ఏమిటంటే ఊళ్ళోనే ఉన్నవాడికి ఆ పేరుతో పనిలేదు. రెల్లుమూలలో అందరూ రెల్లుమూలోళ్ళే! అది వదిలి పక్కూరు వెళ్ళినప్పుడే "ఆ రెల్లుమూలాయన" అంటారు. మన దగ్గరా అంతే కదా, కందుకూరులో కందుకూరి వారికంటే బయట ఉన్నవాళ్ళే ఎక్కువ.

ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి నిలకడగా రావడం 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం మధ్య మెల్లమెల్లగా జరిగింది. ముందు జమీందార్లకి, తర్వాత రైతులకి. ఉత్తరాన ఇంకాస్త ఆలస్యం. యార్క్‌షైర్ ఇంటిపేర్లు వెతికేవాళ్ళకి పెన్నిధి లాంటిది 1379 నాటి తలపన్ను జాబితా. ఊరూరా మనుషుల పేర్లు, ఎవరెంత కట్టారన్నది రాసుకున్నారు. మామూలు మనిషికి నాలుగు పెన్నీలు. రాజుకి యుద్ధం ఖర్చుల కోసం డబ్బు కావలసొచ్చింది, మనకి ఆరొందల ఏళ్ళ తర్వాత చదువుకోడానికి చరిత్ర మిగిలింది. ఆ తర్వాత 1538లో థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వుతో ప్రతి చర్చిలో పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, చావులు రిజిస్టర్లో రాయడం మొదలైంది. 1837 జులై నుంచి సర్కారే రాసుకుంటోంది.

ఇక "ఉండేది" సంగతి. 19వ శతాబ్దంలో లీడ్స్‌లో బట్టల మిల్లులు, జనం విపరీతంగా పెరిగి తాగునీళ్ళకి కటకట వచ్చింది. వాష్‌బర్న్ లోయలో వరసగా చెరువులు కట్టారు. 1875లో లిండ్లీ వుడ్, తర్వాత స్విన్స్టీ, 1879లో ఫ్యూస్టన్. థ్యాక్రే అనే ఆ చోటు ఫ్యూస్టన్ రిజర్వాయర్ కిందికి పోయింది. మీ కుళాయిలో వచ్చే నీళ్ళు దాని మీదుగా వచ్చినవే అయ్యుండొచ్చు.

సంగమేశ్వరం_వాడు
ఈ చివరి మాట చదివి కాసేపు ఆగిపోయాను. మా తాతగారి ఊరు శ్రీశైలం ప్రాజెక్టు కింద పోయింది. మా ఇంటిపేరు ఆ ఊరిదే. పెళ్ళి సంబంధాలప్పుడు "మీది ఏ ఊరు" అంటే మా నాన్న ఇంటిపేరు చెప్పి ఊరుకునేవాడు. ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడుతుంది, జనం పోయి పూజలు చేసుకొస్తారు. ఆ థ్యాక్రే కూడా ఎప్పుడైనా బయటపడుతుందా?

బల్లకట్టు
పడుతుంది. కరువొచ్చినప్పుడు ఆ లోయలో మునిగిన ఊరి గోడలు తేలిన ఫొటోలు నేను చూశాను.

పాతకాగితం
మీరు చూసినవి పైన ఉన్న థ్రస్‌క్రాస్ రిజర్వాయర్‌వి. అది 1966లో కట్టారు, దాని కింద మునిగిన పల్లె వెస్ట్ ఎండ్. నీళ్ళు బాగా దిగిపోయినప్పుడు కనిపించేవి దాని శిథిలాలు. లోయ ఒకటే, ఊళ్ళు వేరు. చాలామంది రెండూ కలిపేస్తారు.

ఆదోని_శీను
అక్కా, అన్నా, అందరికీ నమస్తే. ఈ థ్యాకరేలు మాకు బాగా తెలిసినోళ్ళే. ఆ నవలాకారుని సొంత పెదనాయన మా ఆదోనిలో దొరగా ఉన్నాడు, ఎవరూ చెప్పకుంటిరి!

1800లో నిజాం మా దత్తమండలాల్ని కంపెనీకి ఇచ్చేసినాక థామస్ మన్రో వచ్చినాడు కదా ప్రధాన కలెక్టరుగా, 1807 దాకా. ఆయన కింద పనిచేసిన నలుగురు సబ్ కలెక్టర్లలో ఒకడు విలియం థ్యాకరే. ఆయన ఉన్నది ఆదోనిలో. భూములు కొలిపించడం, పట్టా ఎవరికి, శిస్తు ఎంత, అన్నీ చూసినాడు. తర్వాత 1807లో జమీందారీ వద్దు, రైతుతో నేరుగా లెక్క పెట్టుకోవడమే మేలని పెద్ద నివేదిక రాసినాడు. మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూలో మెంబరు కూడా అయినాడు. మన రైతువారీ పద్ధతి ఊరికే మన్రో ఒక్కనిది కాదు, దాని వెనకాల ఈ రెల్లుమూలాయన చెయ్యి కూడా ఉంది.

బల్లకట్టు
అయితే మన రైతుల నడ్డి విరిచిన శిస్తులో వాటాదారే అన్నమాట. దొరల్ని పొగడ్డం మానండి.

ఆదోని_శీను
పొగడ్లేదన్నా. మన్రో కట్టిన శిస్తు పంటలో నూటికి నలభై ఐదు వంతులు. ఎక్కువైందని ఆయనే ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయేముందు నాలుగో వంతు తగ్గించమని రాసినాడు, పైవాళ్ళు అప్పట్లో వినలేదు. మా వైపు ఇప్పటికీ మన్రోని తలుచుకునేటోళ్ళున్నారు, ఆయన 1827లో కలరా వచ్చి చనిపోయింది మా పక్కన పత్తికొండలోనే. కానీ థ్యాకరే పేరు ఎవరికీ తెలీదు. అది చెప్పాలనే రాసినా.

ఆ విలియం తమ్ముడు ఇంకొకడు సెయింట్ జాన్ థ్యాకరే ధార్వాడ కలెక్టరు. 1824 అక్టోబరు 23న కిత్తూరు కోట ముందర చచ్చినాడు, రాణి చెన్నమ్మ సైన్యం చేతిలో. గురిచూసి కాల్చింది అమటూరు బాళప్ప అని కన్నడం వాళ్ళు చెప్పుకుంటారు. బల్లకట్టన్నకి ఈ కథ నచ్చుతుందిలే.

బల్లకట్టు
నచ్చింది.

వేదిక_నిర్వాహకులు
రైతువారీ మీద వాదన ఇంకా ఉంటే వేరే చర్చ తెరవండి. ఇక్కడ ఇంటిపేరు సంగతే.

మణిదీపం
నాదొక చిన్న అనుమానం. పాతకాగితం గారు ఒకచోట థ్యాక్రే అంటారు, ఒకచోట థ్యాకరే అంటారు. రెండూ ఒకటేనా?

పాతకాగితం
ఒకటే. ఇంగ్లీషు అక్షరాల్లో మ్యూజియం వాళ్ళది టీ, హెచ్, ఏ, సీ, కే, ఆర్, ఏ, వై. నవలాకారుడిది కే తర్వాత ఒక 'ఈ' అక్షరం ఎక్కువ. ఇంకోటి ఉంది, చివర వై బదులు హెచ్ పెట్టేది, థ్యాక్రా. పాత "వ్రా"కి అదే దగ్గర. రిజిస్టర్లో రాసేది పాదిరీ, చెప్పేది చదువురాని రైతు. చెవికి ఎలా వినపడితే అలా పడింది. ఒకే మనిషి పెళ్ళికి ఒక రకంగా, చావుకి ఇంకో రకంగా రాసిన పేర్లు ఆ రిజిస్టర్ల నిండా ఉంటాయి.

మూడు రూపాలకీ మూడు కథలున్నాయి. 'ఈ' అక్షరం ఎక్కువున్నవాళ్ళది ఫ్యూస్టన్‌కి దగ్గర్లోని హ్యాంప్స్‌త్‌వైట్ అనే ఊరు. అక్కణ్ణుంచి థామస్ థ్యాకరే అనే కుర్రాడు చదువుకుని పైకొచ్చి 1746లో హ్యారో స్కూలుకి హెడ్మాస్టరయ్యాడు. ఆయన కొడుకు విలియం మేక్‌పీస్ బెంగాల్ వచ్చి సిల్హెట్‌లో కలెక్టరు, ఏనుగుల వేటగాడు. నవలాకారుడు ఆయన మనవడు, పేరు కూడా తాతదే. ఆదోని విలియం, ధార్వాడ సెయింట్ జాన్ ఆయన కొడుకులు. ఒక్క చదువుకున్న కుర్రాడితో ఆ కొమ్మ దక్షిణానికీ అక్కణ్ణుంచి ఇండియాకీ పాకింది. 'ఈ' అక్షరం లేనివాళ్ళు అక్కడే ఉండిపోయారు. లక్ష్మి గారి వార్డులో పెద్దాయన ఆ బాపతు.

చార్లెస్ థ్యాక్రే 1902లో ఇంకొకరితో కలిసి లీడ్స్ గ్రేట్ జార్జ్ స్ట్రీట్‌లో మందుల షాపు కొన్నాడు, పెద్దాసుపత్రి దగ్గర్లోనే. మెల్లగా సర్జన్లకి కత్తులు, కత్తెర్లు చేసిపెట్టే కంపెనీ అయ్యింది. సర్జన్ జాన్ చార్న్లీ తుంటి మార్పిడి ఆపరేషన్‌కి కావలసిన కృత్రిమ కీళ్ళు చేసిచ్చింది ఈ కంపెనీయే. ఇవాళ మన అమ్మమ్మలు తుంటి మార్పించుకుని నెల తిరక్కుండా గుడికి వెళ్తున్నారంటే అందులో వీళ్ళ పాలు కాస్త ఉంది. మ్యూజియం ఆ కంపెనీ పుణ్యమే. 1997లో తెరిచారు. ఆ భవనం 1861 నాటి బీదల ఆశ్రమం, వర్క్‌హౌస్ అనేవాళ్ళు.

హెచ్ వాళ్ళలో చార్లెస్ టర్నర్ థ్యాక్రా అని ఒక లీడ్స్ డాక్టరు ఉన్నాడు. నాకు ఈ ముగ్గురిలో ఇష్టుడు ఆయనే. ఏ పని చేసేవాడికి ఏ జబ్బొస్తుందో, మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో కార్మికుల్ని చూసి 1831లో పుస్తకం రాశాడు. అదే ఏడు లీడ్స్‌లో వైద్య కళాశాల మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడు. 1833లో క్షయతో పోయాడు, నలభై కూడా నిండలేదు.

కణం
వీళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతానమో కాదో డీఎన్‌ఏలో చూడొచ్చు. ఇంటిపేరూ వై క్రోమోజోమూ రెండూ తండ్రి నుంచి కొడుక్కే వస్తాయి కదా. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మందిని పరీక్షించాడు, అదీ యార్క్‌షైర్ పేరే. సగానికి కాస్త తక్కువమందికి ఒకే గుర్తు వచ్చింది. ఎక్కడో పొరపాట్లు, దత్తతలు, గుట్టుగా జరిగినవి ఉంటాయిగా, 700 ఏళ్ళలో ఈమాత్రం ఒకటిగా ఉండటమే గొప్ప. 2009లో లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 40 ఇంటిపేర్లు చూస్తే తేలిందేమిటంటే, పేరు ఎంత అరుదైతే అంత ఎక్కువగా రక్తసంబంధం. స్మిత్ లాంటి పేర్లలో ఏమీ లేదు, కమ్మరి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. అటెన్‌బరో లాంటి వాటిలో నూటికి దాదాపు తొంభై మంది ఒకే కొమ్మ.

అదే లెస్టర్ వాళ్ళు 2007లో యార్క్‌షైర్‌కే చెందిన ఇంకో అరుదైన ఇంటిపేరులో, చూసిన 18 మందిలో ఏడుగురికి పశ్చిమ ఆఫ్రికాలో ఉండే వై క్రోమోజోమ్ రకం కనిపెట్టారు. చూస్తే అందరూ తెల్లవాళ్ళే. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట ఆఫ్రికా మూలాలున్న మనిషి ఒకడు ఇంగ్లండ్ వచ్చి ఉంటాడు. కాబట్టి బల్లకట్టు గారి ఊహ మరీ అసాధ్యమేం కాదు, ఈ ఇంటిపేరు విషయంలో మాత్రం అది నిజం కాదు.

బల్లకట్టు
కణం గారూ, మీరొక్కరే నన్ను మనిషిగా చూశారు.

మణిదీపం
మరి శివసేన ఠాక్రేలు ఇంగ్లీషులో అవే అక్షరాలు ఎందుకు రాస్తారు? అది ఎవరూ చెప్పలేదు.

పాతకాగితం
అవును, మొదటి ప్రశ్నే మర్చిపోయాం. బాల్ ఠాక్రే తండ్రి కేశవ్ సీతారాం, ప్రబోధన్‌కార్ అంటారు, 1885 నుంచి 1973 దాకా ఉన్న మనిషి. ఆయన తండ్రి పన్వేల్ ఊరి మీద పన్వేల్కర్ అని రాసుకుని, కొడుకుని బళ్ళో వేసేటప్పుడు పాత ఇంటిపేరు ఠాక్రే రాయించాడని చెబుతారు. ఇంగ్లీషులో ఆ స్పెల్లింగు మాత్రం కేశవ్ గారిదే, కలకత్తాలో పుట్టిన ఆ నవలాకారుడి మీద అభిమానంతో. ఆయన 'ఈ' ఎక్కువ రాశాడు కాబట్టి వీళ్ళదీ 'ఈ' ఎక్కువ. అంటే రక్తసంబంధం లేదు, అక్షర సంబంధం ఉంది. మరాఠీలో రాస్తే ఠ, యార్క్‌షైర్‌లో పలికితే థ. తెలుగు పేపర్లు ఒకరోజు ఇలా, ఒకరోజు అలా.

లీడ్స్_లక్ష్మి
నిన్న ఆదివారం డ్యూటీ లేదు. ముగ్గురం కారులో ఫ్యూస్టన్ వెళ్ళొచ్చాం. ఓట్లీ దాటాక రోడ్డు సన్నగా, రెండు పక్కలా రాతి గోడలు, గొర్రెలు. చర్చి పక్కన హెరిటేజ్ సెంటర్లో టీ తాగాం. రిజర్వాయర్ చుట్టూ నడవటానికి దారి ఉంది, పక్కనంతా పైన్ చెట్లు, కింద తడిసిన ఆకులు. నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. కొండ మీది పీట్ మట్టి వల్ల అట. టింబుల్ వైపు చూస్తే ఒకచోట ఒడ్డు లోపలికి ఒంపు తిరిగింది. సరిగ్గా అక్కడేనో కాదో గానీ ఆ మూలలో గట్టున గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. మావాడు ఒక పుల్ల పీకి "ఇదేనా రెల్లు?" అని జేబులో పెట్టుకున్నాడు. సంగమేశ్వరం అన్నయ్యా, మీరు గుర్తొచ్చారు. ఒక ఫొటో తీశాను, నీళ్ళు తప్ప ఏం లేదు అందులో.

సంగమేశ్వరం_వాడు
పెట్టండమ్మా, చూస్తాను. మా ఊరి ఫొటో కూడా అంతే ఉంటుంది.

ఆదోని_శీను
అక్కా, వార్డులో పెద్దాయనకి మా ఆదోని సంగతి చెప్పినావా?

లీడ్స్_లక్ష్మి
ఇవాళ పొద్దున చెప్పాను శీనూ. మీ ఇంటిపేరు దొర రెండొందల ఏళ్ళ కిందట మా వైపు శిస్తు వసూలు చేశాడన్నాను. ఆయన అక్షరాలెలా రాసేవాడని అడిగాడు. 'ఈ' అక్షరం ఎక్కువ అన్నాను. "అదీ సంగతి, ఆ 'ఈ' వాళ్ళు మా వాళ్ళు కారు, డబ్బున్నోళ్ళు" అని ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు.